వేడి తాగే రాగి

కాశీబుగ్గ బస్టాండు వెనక, సెల్‌ఫోన్ల షాపు మీద గది.
తిత్లీకి ఎగిరిపోయిన రేకుల చోట
ఇప్పుడు వేరే రంగు రేకులు.
కిటికీ తీస్తే జీడిపిక్కల పొగ,
మూస్తే నా కంప్యూటరు ఆవిరి.
తెర మీద నల్లటి నేల, దాని మీద ఎర్రగా రాగి.

పప్పు ఆరబెట్టే పెట్టెకి
వేడి కొలిచే బోర్డు కావాలన్నారు బెహరా గారి ఫ్యాక్టరీ వాళ్లు.
అరచేతిలో సగం ఉంటుంది.
భాగాలన్నీ సర్దాక మిగిలిన ఖాళీ అంతా రాగి పరిచేశాను.
వరిమడికి నీళ్లు వదిలినట్టు
ఒక్క మీట నొక్కితే గట్ల దాకా పారింది.
గ్రౌండుకి పోవాల్సిన ప్రతి ప్యాడూ నిండా మునిగింది.
ఎంత దగ్గరగా కలిపితే అంత మంచిదనుకున్నాను.

ఐదు బోర్డులొచ్చాయి.
దండాసి మావ టంకం కడ్డీ పట్టాడు.
ముప్పయ్యేళ్లు రేడియోలు, తర్వాత టీవీలు,
ఇప్పుడు ఏది దొరికితే అది.
నువ్వుగింజంత కెపాసిటరు.
ఒకవైపు సీసం కరిగి మెరిసింది,
రెండో వైపు ముద్దగా, మసగ్గా,
చలికి ముడుచుకున్న పిల్లిలా.
"ఇదేటే గుంటా, ఎంత వేడెట్టినా తాగేస్తంది నీ రాగి!
గెడ్డలో నిప్పు ముంచినట్టున్నాది."
ఇంకోదానికి వేడిగాలి కొట్టాడు.
కరిగిన వైపు లాక్కుంది, కరగని వైపు వదిలేసింది,
కెపాసిటరు కాస్తా లేచి
ఒంటికాలి మీద కొంగలా నిలబడింది.
దండాసి మావ నవ్వాడు. నాకు రాలేదు.
ఐదు బోర్డుల డబ్బు నాది.

ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
వచ్చినప్పుడల్లా ఒక ప్యాడు చుట్టూ
వెంట్రుకవాసి కందకం తవ్వాను.
కందకం మీద నాలుగు సన్న వంతెనలు.
కరెంటు దాటిపోతుంది.
వేడి మాత్రం దాటలేక కాసేపు ఆగుతుంది.
ఆ కాసేపే కావాలి సీసానికి.

దమయంతి గుర్తొచ్చింది.
పిక్కలు కొట్టే షెడ్డులో ఉన్న రోజుల్లో
చేతులకి నూనె రాసి, బూడిద అద్ది,
అప్పుడు ముట్టుకునేది పిక్కని.
జీడిరసానికీ చర్మానికీ మధ్య ఆ మాత్రం.
"రాయకపోతే తోలు ఊడొచ్చెస్తాది.
రాసినా కొంచెం పోతాది" అంది.
అప్పుడు ఊ కొట్టి ఊరుకున్నాను.

అన్నిటికీ వంతెనలు పెట్టలేదు.
హీటరు నడిపే పెద్ద ట్రాన్సిస్టరు
అడుగంతా రాగిలోనే కూర్చోవాలి,
దాని వేడి పంచుకోడానికి ఎవరో ఒకరు కావాలి.
దాన్ని నిండా ముంచాను.
దండాసి మావ పెద్ద కడ్డీ తెస్తాడు, తిడతాడు, అతికిస్తాడు.

ఒక్కటి మాత్రం కలవలేదు. సెన్సారు మూడో కాలు.
ఎన్నిసార్లు పోసినా రాగి
దాని చుట్టూ తిరిగి పోతోంది, అంటుకోకుండా.
వెతగ్గా వెతగ్గా, పేరు తేడా.
దానికి ఇంకో పేరు రాసింది నేనే.
పేరు ఒకటైతే తప్ప ఈ రాగి ముట్టుకోదు.

ఈ గది అద్దెకి అడిగినప్పుడు ఓనరు
ముందు ఇంటిపేరు, తర్వాత ఊళ్లో ఏ వీధి,
ఆ తర్వాతే అడ్వాన్సు.
అంతకుముందు రెండిళ్లలో
వీధి దగ్గరే ఆగిపోయింది మాట.

పేరు మార్చి మీట నొక్కాను.
రాగి వచ్చి నాలుగు చేతులతో పట్టుకుంది.
ఇంత సులువా అని కోపమొచ్చింది.

రెండో విడత బోర్డు మీద కడ్డీ ఆనించాడు దండాసి మావ.
రెండు లెక్కపెట్టేలోపు
కరిగి, పాకి, మెరిసి, గడ్డకట్టింది.
ఏమీ అనలేదు. తర్వాతది అందుకున్నాడు.

ఇప్పుడు ఆ పెట్టె మీద అంకెలు వెలుగుతున్నాయి: డెబ్భై రెండు.
ఆరబెట్టే గదికి మారిన దమయంతి అంకె చూడదు.
తలుపు తీసి, నల్లబడ్డ చెయ్యి లోపలికి చాపి
ముందు గాలిని తాకుతుంది.
"మీది రెండు డిగ్రీలు ఎక్కువ సూపిస్తంది" అంది నిన్న.

కొలిచి చూశాను. రెండున్నర.
ట్రాన్సిస్టరు దగ్గర పుట్టి, రాగి వెంట,
నేను కట్టిన ఆ నాలుగు వంతెనల మీదుగా
తీరిగ్గా నడిచొచ్చింది.